చెన్నైలో షార్ట్ ఫిల్మ్ తీసే తెలుగువాళ్లు కథ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చెన్నై సాలిగ్రామంలో సినిమా ఎడిటింగ్ చేస్తాను. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉద్యోగం చేసేవాళ్లు, విజువల్ కమ్యూనికేషన్ చదివే పిల్లలు, సినిమాల్లో అసిస్టెంట్లుగా చేస్తూ సొంతంగా ఒకటి తీద్దామనుకునేవాళ్లు శని, ఆదివారాల్లో తీసిన ఫుటేజీని హార్డ్ డిస్కులో పెట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లలో చాలామంది తెలుగువాళ్లే. కెమెరా, లెన్సు, కలర్ గురించి వాళ్లకి బాగా తెలుసు. చిక్కు కథ దగ్గర వస్తోంది. అది ఎడిటింగ్‌లో బయటపడేసరికి యూనిట్ చెదిరిపోయి ఉంటుంది, నటులు ఊరెళ్లిపోయి ఉంటారు. అందుకే తీయకముందు అడగాల్సిన ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ప్రతిచోటా కొత్త ఉదాహరణ వెతక్కుండా, ఒకే చిన్న కథ అనుకుని చివరిదాకా దాన్నే వాడాను.

నా దగ్గర మంచి లైన్ ఉంది. అది కథ అవుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

లైన్ అంటే ఒకటి రెండు వాక్యాల్లో చెప్పే కథ ఆలోచన. లైన్‌లో ఉన్న మనిషికి ఏదో ఒకటి కావాలి. అది దొరక్కుండా ఏదో అడ్డం పడాలి. ఈ రెండూ ఒక వాక్యంలో చెప్పగలిగితే కథ ఉన్నట్టే. "చెన్నైలో ఒంటరిగా ఉండే తెలుగు కుర్రాడు" అంటే అది పరిస్థితి. "వడపళని దగ్గర ఒక పాత ఆంధ్రా మెస్" అంటే అది చోటు. రెండింటిలోనూ ఇంకా ఎవరికీ ఏమీ అవసరం పడలేదు.

ఆ రెండింటినీ కలిపి చూద్దాం. కుర్రాడిది నెల్లూరు జిల్లా కావలి. తండ్రి ఈమధ్యే పోయాడు. వయసులో ఉండగా ఆయన సినిమా కోసం మద్రాసు వచ్చి రెండేళ్లుండి వెనక్కి వెళ్లిపోయాడు. ఆ రెండేళ్ల గురించి ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పలేదు. ఆయన పాత డైరీలో ఒక్క ముక్క దొరికింది: మెస్‌లో 340 రూపాయలు బాకీ. కుర్రాడు పదివేలు కవరులో పెట్టుకుని ఆ మెస్ వెతుక్కుంటూ వచ్చాడు. మెస్ నడిపే డెబ్బై ఏళ్ల ఆవిడ పాత పద్దు పుస్తకం తీసి చూసి, "నీ బాకీ ఏం లేదు నాయనా, ఈ పేరే ఇందులో లేదు" అంటుంది.

ఆవిడ దయతోనే అంది. కానీ కుర్రాడికి కావలసింది బాకీ తీరడం కాదు. తన తండ్రి ఇక్కడ బతికాడని, ఆయన్ని చూసిన మనిషి ఒకరున్నారని తెలియాలి. పేరు లేదంటే బాకీ పోతుంది, దాంతోపాటు తండ్రీ పోతాడు. పైకి అడిగేది ఒకటి, లోపల కావలసింది ఇంకొకటి, ఆ రెంటికీ మధ్య ఒక మంచి మనిషి అడ్డం. ఇంత దొరికితే పది నిమిషాల సినిమాకి సరిపోతుంది. విలన్ అక్కర్లేదు.

మీ లైన్‌ని ఇలా పరీక్ష చేసుకోండి. సినిమా రంగంతో సంబంధం లేని ఒకరికి రెండు నిమిషాల్లో నరేషన్ ఇవ్వండి. సగంలో ఆపేయండి. "తర్వాత?" అని అడిగారంటే కథ పట్టింది. "బాగుంది" అని ఊరుకున్నారంటే ఇంకా పని ఉంది.

సినిమా ఎక్కడ మొదలుపెట్టాలి?

వీలైనంత ఆలస్యంగా. చాలా షార్ట్ ఫిల్ములు అలారం మోగడంతో మొదలవుతాయి. తర్వాత పళ్లు తోముకోవడం, కాఫీ, బైక్ స్టార్ట్ చేయడం, పైనుంచి ఊరి షాట్. కథలోకి వచ్చేసరికి రెండు నిమిషాలు అయిపోతాయి. ఫోన్‌లో చూసేవాడు ఆలోపే వెళ్లిపోతాడు.

గురజాడ అప్పారావు 1910లో రాసిన 'దిద్దుబాటు' గుర్తు తెచ్చుకోండి. బాగా పొద్దుపోయాక ఇంటికొచ్చిన భర్త తలుపు కొట్టడంతో మొదలవుతుంది. అతనెవరు, సాయంత్రాలు ఎక్కడ గడుపుతున్నాడు అనేవి ముందుగా చెప్పలేదు. తలుపు తీయకపోవడమే మనల్ని లోపలికి లాగుతుంది. నూరేళ్ల కిందటి ఆ పద్ధతి ఇవాళ ఫోన్ తెరకి అతికినట్టు సరిపోతుంది.

మన మెస్ కథని నేనైతే గడప దగ్గర, చేతిలో కవరుతో నిలబడ్డ కుర్రాడితో మొదలుపెడతాను. దానికి ముందు ఒకే ఒక్క షాట్ ఉంటుంది. పీజీ గదిలో కుర్రాడు పెరుగన్నం తింటూ సంచిలోంచి బెల్లం ముక్క తీసి పక్కన పెట్టుకుంటాడు. "ఇదేం అలవాటురా?" అంటాడు రూమ్మేట్. "మా నాన్నది" అంటాడు వాడు. పదిహేను సెకన్లు. ఈ బెల్లం ముక్క ఎందుకో చివర్లో చెబుతాను. తర్వాత అక్కరకొచ్చే వస్తువుని ముందే, ఎవరికీ అనుమానం రాకుండా కథలో పెట్టడాన్ని మనవాళ్లు లీడ్ వేయడం అంటారు. లీడ్ ఎప్పుడూ వేరే పని చేస్తున్నట్టు కనిపించాలి. ఇక్కడ అది ఇద్దరు స్నేహితుల మధ్య మాటలా ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ప్రేక్షకుడికి విషయం ముందే చెప్పాలా, చివరిదాకా దాచాలా?

అందరూ దాచడమే గొప్ప అనుకుంటారు. నాకు వచ్చే సినిమాల్లో సగానికి పైగా చివర్లో ట్విస్ట్ ఉంటుంది. కల అని తేలుతుంది, లేదంటే ఆ మనిషి చనిపోయాడని తేలుతుంది. ట్విస్ట్ ఒక్క క్షణం ఉలిక్కిపడేలా చేస్తుంది. ముందే తెలిసిన విషయం సీన్ పొడవునా పట్టి ఉంచుతుంది.

మెస్ కథనే రెండు రకాలుగా తీసి చూడండి. మొదటి రకంలో ఆవిడ పేరు లేదంటుంది, మనమూ నమ్ముతాం. కుర్రాడు వెళ్లిపోయాక పుస్తకంలో ఆ పేరు కనిపిస్తుంది. "ఓహో" అనుకుంటాం, అయిపోతుంది. రెండో రకంలో ఆవిడ పుస్తకం తెరవగానే కెమెరా ఆవిడ భుజం మీదుగా పేజీని చూస్తుంది. పేరు ఉంది. ఆవిడ బొటనవేలు మెల్లగా జరిగి ఆ పేరుని కప్పేస్తుంది. తర్వాత "ఈ పేరు లేదు నాయనా" అంటుంది. ఇప్పుడు కుర్రాడికి తెలియనిది మనకి తెలుసు. అక్కడినుంచి వాళ్లు మాట్లాడే ప్రతి మామూలు మాటా మనకి బరువుగా వినిపిస్తుంది. "సాంబారు పోయమంటావా?" అన్నా సరే.

నేను రెండోదే ఎంచుకుంటాను. అలాగని అంతా చెప్పేయలేదు. ఆవిడ ఏం చేస్తోందో చూపించాను, ఎందుకు చేస్తోందో దాచాను. స్క్రిప్టులో ప్రతి సీన్ పక్కన మూడు విషయాలు రాసుకోండి: ఇప్పుడు పాత్రకి ఏం తెలుసు, ప్రేక్షకుడికి ఏం తెలుసు, ప్రేక్షకుడు దేనికోసం చూస్తున్నాడు. మూడోది ఖాళీగా ఉన్న సీన్లనే తర్వాత జనం ల్యాగ్ (సాగదీత) అంటారు. ఇన్నేళ్ల అనుభవంలో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన అలవాటు ఇది.

పది నిమిషాల సినిమాకి ఫస్ట్ యాక్ట్, సెకండ్ యాక్ట్ అంటూ లెక్కలు కావాలా?

యాక్టులంటే కథని మొదలు, మధ్య, ముగింపు అని పంచుకునే భాగాలు. పెద్ద సినిమాకి పనికొచ్చే ఈ లెక్కల్ని చిన్నదాంట్లో కుక్కకండి. ఇంటర్వెల్ లేని సినిమాకి ఇంటర్వెల్ బ్యాంగ్ ఎందుకు? ఒక మలుపు చాలు. మలుపు తర్వాత పాత్ర మునుపటిలా ఉండలేకపోవాలి, అంతే. సాధారణంగా ఒక పేజీ స్క్రిప్టు ఒక నిమిషం సినిమా అంటారు. మాటల సీన్లకి అది దాదాపు సరిపోతుంది. మౌనంగా సాగే సీన్లకి సరిపోదు. పైన చెప్పిన బొటనవేలు కాగితం మీద ఒక లైను, తెర మీద అరనిమిషం.

పాత్రలు ఎన్ని ఉండాలి?

1957లో విజయా వారు ఇక్కడి వాహినీ స్టూడియోలో తీసిన 'మాయాబజార్' భారతంలో మనుషుల చుట్టూ తిరిగే కథ. దర్శకుడు కె.వి.రెడ్డి. అందులో పాండవులు తెర మీద ఒక్కసారి కూడా కనిపించరు. వాళ్ల కష్టాలే కథకి మూలం, వాళ్ల కొడుకు పెళ్లే కథ, అయినా వాళ్లు రారు. ఎవరూ ఆ లోటు గమనించరు కూడా. అంత పెద్ద సినిమాలోనే అయిదుగురు ముఖ్యుల్ని తెర బయట ఉంచగలిగినప్పుడు, మీ పది నిమిషాల్లో హీరో చెల్లెలు, ఆఫీసు మేనేజరు, ఇంటి ఓనరు అందరూ కనిపించాలా అని ఆలోచించండి.

మన కథలో తండ్రి కనిపించడు. ఫోటో కూడా చూపించను. ఆయన ముఖాన్ని ప్రేక్షకుడే ఊహించుకోవాలి. చూసేవాళ్లలో చాలామందికి అది వాళ్ల నాన్న ముఖమే అవుతుంది.

ఫ్లాష్‌బ్యాక్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు. హరికథ విన్నవాళ్లకి పిట్టకథ తెలుసు. దాసుగారు అసలు కథ ఆపి ఇంకో చిన్న కథ చెబుతారు. కానీ ఎక్కడ ఆపుతారు? అసలు కథ మీద మనకి ఆత్రం పుట్టాక. పిట్టకథ అయ్యాక సరిగ్గా ఆగిన చోటికే వస్తారు, అప్పటికి అసలు కథకి ఇంకో అర్థం వచ్చి ఉంటుంది. ఫ్లాష్‌బ్యాక్‌కీ అదే కొలత. వెళ్లేముందు ఆత్రం ఉండాలి, తిరిగొచ్చాక అర్థం మారాలి.

మెస్ కథలో చాలామంది 1980ల నాటి మద్రాసు చూపించాలని ఉబలాటపడతారు. అప్పటి కార్లు, బోర్డులు, బట్టలు సమకూర్చడం మన బడ్జెట్‌కి కాని పని. కథకి అవసరం కూడా లేదు. కుర్రాడు "చెన్నై" అంటాడు, ఆవిడ "మద్రాసు" అంటుంది. ఊరి పేరు అధికారికంగా మారింది 1996లో. ఆ ఒక్క మాటతోనే ఇద్దరి మధ్య ఉన్న ఏళ్లు తెలిసిపోతాయి.

వాయిస్ ఓవర్ వాడితే తప్పా?

తప్పు కాదు. కానీ బొమ్మలో కనిపిస్తున్నదాన్నే గొంతు మళ్లీ చెప్పకూడదు. బుర్రకథలో చూడండి, కథకుడికి ఇద్దరు వంతలు ఉంటారు. వాళ్లు ఊరికే తాళం వేయరు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు లోకంలో జరుగుతున్నది ఎత్తిచూపుతారు, జనం అడగాల్సిన ప్రశ్న జనం తరఫున అడుగుతారు. మీ వాయిస్ ఓవర్ కూడా బొమ్మకి ఎదురు నిలబడి ఒక ప్రశ్న వేయగలిగితే ఉంచండి. అలా కాకపోతే ఎడిటింగ్‌లో ఆ ట్రాక్ మ్యూట్ చేసి ఒకసారి చూడండి. కథ అర్థమైతే అది అక్కర్లేదు.

డైలాగులు ఏ తెలుగులో రాయాలి? మా సినిమాలో అందరూ తమిళం మధ్యలో బతుకుతున్నవాళ్లే.

ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు ఇష్టం. చెన్నైలో తెలుగు ఒకటి కాదు. తరతరాలుగా ఇక్కడే ఉంటూ, ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదువుకున్నవాళ్లు ఉన్నారు. సినిమా పని మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లు ఉన్నారు. నెల్లూరు, చిత్తూరు నుంచి వ్యాపారానికి వచ్చినవాళ్లు, రెండేళ్ల కిందట కాలేజీ అవగానే తొరైపాక్కంలో దిగిన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఉన్నారు. వీళ్లందరిచేత ఒకే పుస్తకాల తెలుగు పలికిస్తే ఊరు చచ్చిపోతుంది.

మెస్ ఆవిడ నెల్లూరు నుంచి వచ్చి యాభై ఏళ్లయింది అనుకుందాం. కూరగాయల అబ్బాయితో తమిళంలో బేరం ఆడుతుంది. భోజనానికి వచ్చినవాళ్లతో తెలుగులో మాట్లాడుతుంది. వ్యాపారం ఇక్కడే నేర్చుకుంది కాబట్టి డబ్బులు లెక్కపెట్టేటప్పుడు తమిళంలో లెక్కపెడుతుంది. మనసులో ఏదైనా కదిలితే మాత్రం పుట్టింటి మాట వస్తుంది. స్క్రిప్టు అంతా కుర్రాణ్ని "నాయనా" అని పిలిచే ఆవిడ, ఒక్కచోట "అబ్బయా" అందనుకోండి. నెల్లూరువాళ్లకి గుండె ఝల్లుమంటుంది. మిగతావాళ్లకి కూడా పిలుపు మారిందని తెలుస్తుంది. కుర్రాడు ఆవిణ్ని మొదట్లో "మేడమ్" అంటాడు, చివరికొచ్చేసరికి "అవ్వా" అంటాడు. ఈ రెండు పిలుపుల మధ్యే వాళ్ల బంధం ఎంత దూరం నడిచిందో ఉంది. దానికోసం వేరే డైలాగు రాయక్కర్లేదు.

ఒక పని తప్పకుండా చేయండి. అలాంటి మెస్‌కి వెళ్లి నాలుగు రోజులు భోంచేయండి. మాటలు రాసుకోవద్దు, వినండి. ఇంటికెళ్లాక గుర్తున్నవే రాయండి. గుర్తుండిపోయిన మాటే ప్రేక్షకుడికీ గుర్తుంటుంది.

తమిళ మాటలకి తెలుగు సబ్‌టైటిల్ వేయాలా అంటే, అర్థం తెలియకపోతే కథ ఆగిపోయే చోట మాత్రమే. తెలుగు మాటలకి ఇంగ్లిష్ సబ్‌టైటిల్ మాత్రం అంతటా వేయండి. ఈ ఊళ్లో మీ సినిమా చూసేవాళ్లలో తమిళులే ఎక్కువ ఉంటారు.

కెమెరా ఎక్కడ పెట్టాలో కథని బట్టి ఎలా తేల్చుకోవాలి?

ముందు కెమెరా ఎవరి పక్షాన ఉందో తేల్చుకోండి. పుస్తకం తెరిచేవరకు మన కెమెరా కుర్రాడి వెనక ఉంటుంది. అతనికి తెలిసినంతే మనకి తెలుసు. బొటనవేలు షాట్ దగ్గర మొదటిసారి ఆవిడ వైపు వెళుతుంది. అప్పటిదాకా ఆవిడ వైపు నుంచి ఒక్క షాట్ కూడా వాడకపోతే, ఆ మార్పు ప్రేక్షకుడికి ఒంట్లో తెలుస్తుంది. మొదటినుంచీ అటూ ఇటూ సజెషన్ షాట్లు (ఒకరి భుజం మీదుగా ఎదుటివారిని చూపించేవి) కొట్టుకుంటూ పోతే ఆ బలం ఉండదు.

నటనని కెమెరా కంటే కట్ ఎక్కువ మారుస్తుంది. వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేని ఒకే షాట్‌ని, ఒకసారి సూప్ గిన్నెతో, ఒకసారి శవపేటికతో, ఒకసారి అందమైన స్త్రీతో కలిపి చూపించాడు. చూసినవాళ్లకి ఆ ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక కనిపించాయి. అందుకని మెస్ ఆవిడ పాత్ర వేసేవారికి నేనిచ్చే సలహా ఒకటే: పేరు చూసినప్పుడు ఏమీ చేయకండి. కళ్లు చెమర్చొద్దు, నిట్టూర్చొద్దు. పేజీ షాట్, తర్వాత మీ ముఖం. మిగతాది ప్రేక్షకుడు చేసుకుంటాడు.

బల్లకి అటూ ఇటూ కూర్చున్న ఇద్దరి మధ్య ఒక గీత ఊహించుకోండి. కెమెరా ఆ గీతకి ఒకే పక్కన ఉండాలి. దాటితే ఇద్దరి చూపులు (లుక్కులు) కలవవు, ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు ఉంటుంది. సెట్లో ఇది ఎవరూ గమనించరు, ఎడిటింగ్‌లో మొదట కనిపించేది ఇదే.

డిజిటలే కదా, కార్డు ఖాళీగా ఉంది. అన్ని వైపుల నుంచీ తీసేసి ఎడిటింగ్‌లో చూసుకోవచ్చా?

దయచేసి అలా చేయకండి.

ఫిల్ము ఉన్న రోజుల్లో, 35 ఎంఎం మీద సెకనుకి 24 ఫ్రేముల చొప్పున తిరిగితే 400 అడుగుల మ్యాగజీన్ (కెమెరాకి తగిలించే ఫిల్ము పెట్టె) నాలుగున్నర నిమిషాల్లో అయిపోయేది. వెయ్యి అడుగులది పదకొండు నిమిషాలు. ప్రతి అడుక్కీ డబ్బు. కోడంబాక్కం స్టూడియోల్లో అంత రిహార్సల్ జరగడానికి అది కూడా ఒక కారణం. షాట్ ఎందుకో తేలాకే కెమెరా తిరిగేది. ఇప్పుడు కెమెరా ముందు తిరుగుతోంది, ఎందుకో తర్వాత వెతుకుతున్నారు.

ఒకసారి నా దగ్గరికి ఎనిమిది నిమిషాల సినిమాకి పదకొండు గంటల ఫుటేజీ వచ్చింది. ఒక్క హోటల్ సీన్‌కే అరవై మూడు టేకులు. నాలుగు రోజులు కూర్చుని అంతా చూశాను. అంత ఫుటేజీలో ఆ అమ్మాయి ఉత్తరం అందుకునే షాట్ లేదు. అందరి ముఖాలూ ఉన్నాయి, ఉత్తరం చేతులు మారడం మాత్రం ఎవరూ తీయలేదు. కథ ఆ ఉత్తరం మీదే నడుస్తుంది. తీసిన పిల్లలు కష్టపడ్డారు, అందులో సందేహం లేదు. సీన్‌లో ఏ క్షణం ముఖ్యమో ముందు ఒకరికొకరు చెప్పుకోలేదు. ఆ రాత్రి వాళ్ల ముఖాలు చూసి నాకు చాలా బాధేసింది. చివరికి ఆ సీన్ మళ్లీ తీయాల్సి వచ్చింది.

ప్రతి సీన్‌కీ ముందురోజే ఒక ముఖ్యమైన షాట్ ఎంచుకోండి. అది లేకపోతే సీనే లేదు అనదగ్గ షాట్. మెస్ సీన్‌లో అది బొటనవేలు. పొద్దున్నే, అందరికీ ఓపిక ఉండగా, వెలుగు బాగుండగా మొదట అదే తీయండి. మాస్టర్ షాట్, అంటే సీన్ మొత్తాన్ని దూరం నుంచి ఒకేసారి తీసేది, తర్వాత కూడా తీసుకోవచ్చు. చాలామంది మాస్టర్‌తో మొదలుపెట్టి, లైటు పోయే వేళకి ముఖ్యమైన షాట్‌కి వస్తారు.

కథ చెప్పడంలో సౌండ్ పాత్ర ఎంత?

సగం అంటాను. బొమ్మ కొంచెం మసగ్గా ఉన్నా జనం చూస్తారు. మాట వినపడకపోతే చూడరు.

ముందు కథ సంగతి. మెస్ అంటే గ్రైండర్ తిరుగుతూ ఉంటుంది, కుక్కర్ విజిల్ వేస్తుంది, బయట ఆటో హారన్లు, స్టీలు బకెట్లో గరిటె చప్పుడు. ఇవన్నీ సీన్ మొదటినుంచీ వినపడనివ్వండి. ఆవిడ పుస్తకం తెరిచేముందు గ్రైండర్ ఆగుతుంది. ఎవరూ ఆపినట్టు చూపించం, పని అయిపోయి ఆగింది, అంతే. ఆ నిశ్శబ్దంలో పేజీ తిప్పిన చప్పుడు వినిపిస్తుంది. ప్రేక్షకుడు ఎందుకో తెలియకుండానే సర్దుకుని కూర్చుంటాడు. పదిమంది వయొలిన్లు వాయించినా ఆ పని జరగదు.

సీన్ నుంచి సీన్‌కి వెళ్లేటప్పుడు కూడా సౌండ్‌ని ముందు పంపొచ్చు. కుర్రాడు వెళ్లిపోదామని గడప దాటుతుంటే, తర్వాతి సీన్‌లోని గరిటె చప్పుడు అక్కడే మొదలవుతుంది. అతను ఆగి వెనక్కి చూస్తాడు. కట్. అరిటాకు. దీన్ని జె కట్ అంటారు. పాత సీన్ సౌండ్ కొత్త బొమ్మ మీదికి సాగితే అది ఎల్ కట్. మాటల సీన్లలో మాట్లాడేవాణ్ని వదిలేసి వినేవాడి ముఖం చూపించడానికి ఎల్ కట్ అన్నిటికంటే మంచి సాధనం.

ఇక రికార్డింగ్. శాంపిల్ రేటు (సెకనుకి ఎన్నిసార్లు సౌండ్ నమోదవుతుందో ఆ లెక్క) 48 కిలోహెర్ట్జ్‌లో చేయండి. చెన్నై ఎండలో ఫ్యాన్ ఆపడం నరకమే, అయినా టేక్ నడిచేటప్పుడు ఆపాల్సిందే. టేకుల మధ్య వేసుకోండి. ఫ్రిజ్ ఆపితే మీ బండి తాళంచెవి అందులో పెట్టండి, ప్యాకప్ అయ్యాక ఆన్ చేయడం మర్చిపోరు. ప్రతి లొకేషన్‌లోనూ అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం ఖాళీ గది సౌండ్ రికార్డు చేయండి. మాటల మధ్య అతుకులు వేయడానికి ఎడిటర్‌కి అదే దారం. డబ్బింగ్‌లో చూసుకుందాం అనుకుంటే, ముసలావిడ సెట్లో గొంతు తగ్గించి అన్న "ఈ పేరు లేదు నాయనా" మైకు గదిలో మళ్లీ అలా రాదు.

చెన్నై వెలుగులో ఏం గమనించాలి?

సముద్రం మనకి తూర్పున ఉంది. మెరీనాలో, బెసెంట్ నగర్‌లో సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, నీళ్లలోకి దిగడు. సూర్యాస్తమయం సీన్ బీచ్‌లో రాసుకొచ్చి సాయంత్రం ఖంగుతిన్నవాళ్లని చూశాను. వీడ్కోలు సీన్ బీచ్‌లోనే కావాలంటే తెల్లవారుజామున జరిగేలా రాయండి. రాత్రంతా నిద్రపోని ఇద్దరు మనుషులు ఆ వేళ వేరేలా మాట్లాడతారు, సీన్ ఇంకా బాగుపడుతుంది. మనం భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఆ బంగారు వెలుగు ఎక్కువసేపు నిలవదు. రెండు షాట్లు మాత్రమే పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు, బయటి సీన్లు ఉంటే లోపల తీయదగ్గ సీన్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీల కింద తీస్తే తెర మీద చారలు పాకుతాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్ స్పీడ్ సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెడితే చారలు చాలావరకు పోతాయి. ఫోన్‌ని ఆటో మోడ్‌లో వదిలేయకండి.

నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది. నిలువుగా తీయాలా, అడ్డంగానా?

ఫోన్ చాలు. నిలువా అడ్డమా అనేది రాసేటప్పుడే తేల్చుకోండి, తర్వాత కోసి మార్చొద్దు. నిలువు ఫ్రేములో ఇద్దరు పక్కపక్కన పట్టరు. కాబట్టి ఒకరి వెనక ఒకరు, ఒకరు కూర్చుంటే ఒకరు నిలబడి ఉండేలా చేయాలి. గడప, మెట్లు, కిటికీ, వడ్డిస్తున్న మనిషి పైన, ఆకు కింద, ఇవన్నీ నిలువుకి బాగా కుదురుతాయి. యూట్యూబ్ షార్ట్స్‌లో 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల వరకు పెట్టొచ్చు. మూడు నిమిషాల్లో ఒక మనిషికి ఒక కోరిక, ఒక అడ్డం, ఒక మలుపు హాయిగా పడతాయి.

పాత పాట ఒకటి వెనక వినిపించాలి. వాడుకోవచ్చా?

హక్కులున్నవారిని అడక్కుండా వాడొద్దు. మన కాపీరైట్ చట్టంలో రికార్డింగ్‌కి విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. సాహిత్యానికి, సంగీతానికి రాసినవారు, కట్టినవారు పోయాక కూడా 60 ఏళ్లు. అంటే పాత రికార్డు గడువు తీరినా పాట గడువు తీరకపోవచ్చు. అయినా గొప్ప పాట పెడితే జనం పాటని గుర్తుపెట్టుకుంటారు. మీ సీన్ చేయాల్సిన పనిని అది చేసేస్తుంది.

లొకేషన్ పర్మిషన్?

రోడ్లు, బీచ్, రైల్వే స్టేషన్, మెట్రో, అన్నిటికీ ముందస్తు అనుమతి కావాలి. ఫోనే కదా అని సెంట్రల్ స్టేషన్‌లో మొదలుపెట్టకండి. రైలు దిగడం చూపించకుండా, పీజీ మెట్లు ఎక్కుతున్న సూట్‌కేస్ చూపించినా ఊరు చేరినట్టే.

అందరూ ల్యాగ్ అంటున్నారు. ఎక్కడ కోయాలి?

ల్యాగ్ అన్నచోట కాకుండా దానికి ముందు వెతకండి. మూడో నిమిషంలో విసుగు పుట్టిందంటే, రెండో నిమిషంలో ఎదురుచూపు పుట్టలేదన్నమాట. మూడో నిమిషాన్ని ఎంత కోసినా విసుగు పోదు.

తెలిసినవాళ్లని ఇద్దర్ని కూర్చోబెట్టి ఫస్ట్ కట్ (మొదటిసారి ఎడిట్ చేసిన సినిమా) వేసి చూపించండి. మీరు తెర చూడకండి, వాళ్లని చూడండి. ఎప్పుడు కాలు కదిలింది, ఎప్పుడు ఫోన్ వైపు చెయ్యి పోయింది, ఎప్పుడు ముందుకు వంగారు, టైమ్ రాసుకోండి. అయ్యాక "ఎలా ఉంది" అని అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. "ఆవిడ ఎందుకు అబద్ధం చెప్పింది?" అని అడగండి. ఇద్దరూ వేర్వేరు కారణాలు చెప్పి వాదించుకుంటే సంతోషించండి. "ఆవిడ అబద్ధం చెప్పిందా?" అని ఎదురు అడిగితే బొటనవేలు షాట్ ఇంకో సెకను ఉంచాలి.

ముగింపు ఎలా ఉండాలి?

మొదట్లో లేచిన ప్రశ్నకి జవాబు రావాలి, కానీ ఎవరూ అనుకున్న దారిలో రాకూడదు. మెస్ కథకి నాకు చాలా ముగింపులు చెప్పారు. ఆవిడ ఏడ్చి అంతా చెప్పేస్తుంది. తండ్రి పాత ఫోటో తీసి చూపిస్తుంది. కుర్రాడు అమ్మకి ఫోన్ చేస్తాడు. అన్నిటిలోనూ మాటలు ఎక్కువై, ఆవిడ దాచినదాని విలువ పోతుంది.

నేను ఇలా తీస్తాను. ఆవిడ కుర్రాణ్ని భోజనానికి కూర్చోబెడుతుంది. పప్పు, కూర, చారు మామూలుగా సాగుతాయి. పెరుగు వేశాక, అడక్కుండానే, ఆకు చివర ఒక బెల్లం ముక్క పెట్టి వెళ్లిపోతుంది. కుర్రాడి వేళ్లు ఆగిపోతాయి. అతని ముఖం చూపించను, చెయ్యి చాలు. కాసేపటికి ఆ చెయ్యి బెల్లం చిదిమి అన్నంలో కలుపుకుంటుంది.

తర్వాత గల్లా పెట్టె దగ్గర. కుర్రాడు కవరు జేబులోనే ఉంచుకుంటాడు. "ఇవాళ్టి భోజనం రాసుకో అవ్వా, తర్వాత ఇస్తాను" అంటాడు. ఆవిడ అతని వంక చూస్తుంది. పాత పుస్తకమే తీస్తుంది, కొత్తది కాదు. "పేరు చెప్పు అబ్బయా." అతను తన పేరు చెప్పి, తండ్రి పేరు కూడా చెబుతాడు. పెన్ను పేజీ మీదికి దిగుతుంది.

అక్షరాలు రాయడం చూపించాలా, పెన్ను కాగితం తాకగానే కోయాలా అనేది ఎడిటింగ్‌లో తేల్చుకోవచ్చు. షూటింగ్‌లో మాత్రం రాయడం పూర్తయ్యాక కూడా కెమెరా ఇంకో ఐదు సెకన్లు తిరగనివ్వండి, ఎవరూ కట్ అనొద్దు. వెనక గ్రైండర్ మళ్లీ మొదలవ్వాలి, దాని సౌండ్ విడిగా రికార్డు చేసుకోండి.